జర సారు

గత నెల ఆయన సంతాపసభకు వెళ్లి వచ్చినప్పటి నుంచి, ఈ నాలుగు మాటలు రాసిపెట్టకపోతే తప్పు చేసినట్టవుతుందని అనిపిస్తోంది. అబిడ్స్‌లో ఆయన ఆదివారాలు వెళ్లే చర్చి పక్కనున్న చిన్న హాలులో సభ జరిగింది. పాత దఫ్తరు వాళ్లు చాలామందే వచ్చారు. ఒకరు ఆయన్ని మహామేధావి అన్నారు. ఒకరు కర్మయోగి అన్నారు. ఇంకొకరు కాగితం చూసి, ఆయన లేని లోటు ఆచంద్రతారార్కం తీరేది కాదని చదివారు. నా పక్కన కూర్చున్న మా పాత టైపిస్టు హబీబ్ భాయ్ నా చెవి దగ్గరకు వంగి, “సారు ఇప్పుడు లేచొచ్చిండంటే వీళ్ల కాగితాలన్నీ ఎర్ర సిరాతోని కొట్టేస్తడు మియా” అన్నాడు. ఇద్దరం నవ్వు ఆపుకోలేక తలలు వంచుకున్నాం. వెనక కూర్చున్నవాళ్లు మేం ఏడుస్తున్నామనుకున్నారు. అదీ కొంత నిజమే.

సభలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ప్రేమతోనే మాట్లాడారు. కానీ ఆ మాటల్లో ఎక్కడ వెతికినా ఆయన కనిపించలేదు. ఆయన ఎలా మాట్లాడేవారో, ఎక్కడ మాట ఆపేసేవారో ఎవరో ఒకరు రాయాలి. నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. ఉర్దూ మీడియంలో మెట్రిక్ పాసయ్యాను. మిగిలిన చదువంతా నాంపల్లి రీడింగ్ రూములో, సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిదింటి వరకు, ఇన్నేళ్లుగా చదువుకున్నదే. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు గర్వమే తప్ప సిగ్గు లేదు. ఆయన వల్ల ఉద్యోగం నిలిచినవాణ్ణి నేను. అందుకని ఈ పని నాకే వచ్చి పడింది.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు నేను నాంపల్లిలో ఒక సర్కారు దఫ్తరులో టెంపరరీ గుమాస్తాగా చేరాను. అప్పటిదాకా ఉర్దూలో నడిచిన ఫైళ్లు ఇంగ్లీషులోకి మారుతున్న రోజులు. ఉర్దూలో ముత్యాల్లాంటి అక్షరాలు రాసే ముసలి గుమాస్తాలు ఇంగ్లీషు పాళీ పట్టుకుని చిన్న పిల్లల్లా చెమటలు కక్కేవాళ్లు. మా సెక్షనుకు ఆ బాధ అంతగా లేదు. మా సూపరింటెండెంటు, అంటే సారు, మెదక్ మిషన్ బడిలో చదివినవారు. ఇంగ్లీషు ఆయనకు ఇంటి మనిషి లాంటిది.

సన్నగా, పొడుగ్గా ఉండేవారు. తెల్ల ప్యాంటు, మోచేతుల దగ్గర కుట్టు వేసిన నల్ల కోటు. గొడుగు ఎండలోనూ వానలోనూ చంకలోనే ఉండేది. తెరవగా నేను చూసింది తక్కువ. రోజూ మధ్యాహ్నం రొట్టె తిన్నాక నాంపల్లి స్టేషను దాకా నడిచి వెళ్లి, ప్లాట్‌ఫారం గడియారం చూసి తన గడియారం సరిచేసుకుని వచ్చేవారు. ఆయన గడియారం ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. “మల్ల ఎందుకు సార్ పోవుడు?” అని ఒకసారి అడిగాను. “జర నమ్మకం కోసం” అన్నారు.

ఈ ‘జర’ ఆయన ఊతపదం. ఉర్దూ తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ హైదరాబాదులో ఆ మాట తెలుసు. కొంచెం అని. మే నెలలో అబిడ్స్ రోడ్డు మీద తారు కరిగి చెప్పులు అంటుకుపోతుంటే “జర ఎండగ ఉన్నది” అనేవారు. ఒకసారి సుల్తాన్ బజార్ మలుపులో సైకిలు మీద నుంచి పడి, మణికట్టు విరిగి, చేతికి తువ్వాలు చుట్టుకుని దఫ్తరుకు వచ్చారు. ముఖం పాలిపోయి ఉంది. ఏమైంది సార్ అంటే, “చెయ్యి జర ఊకుంటలేదు” అన్నారు. సంతకాలు చేయవలసినవన్నీ ఎడమ చేత్తో చేసి, ఆ తర్వాతే దవాఖానకు బయల్దేరారు. దఫ్తరంతా వెనకాల ఆయన్ని జర సారు అనేది. ఆ పేరు పెట్టింది టైపిస్టు హబీబ్ భాయేనని నా అనుమానం. ఇప్పటికీ ఒప్పుకోడు.

ఆయన భార్య రూతమ్మ గారిని నేను మొదట చూసింది నుమాయిష్‌లో. జనవరి నెల ఎగ్జిబిషన్ మైదానం, ఇసుక వేస్తే రాలని జనం. ఒక బజ్జీల అంగడి ముందు సారు నిలబడి ఉన్నారు. కళ్లలో నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. చేతిలో సగం కొరికిన మిరపకాయ బజ్జీ. నేను కంగారుగా దగ్గరికి వెళ్లాను.

“ఏమైంది సార్?”

“ఏం లేదు. జర ఘాటు.”

పక్కనున్న రూతమ్మ గారు పకపకా నవ్వారు. “చూడు బిడ్డా, పెండ్లయి ఇన్నేండ్లాయె. ఈయన నోట ‘మస్తు’ అనే మాట ఇనాలని నాకు కోరిక. కూర మంచిగుందా అంటె ‘తినొచ్చు’ అంటడు. పిల్ల పుడితె దవాఖానకొచ్చి చూసి, ‘ముఖం సాఫ్‌గ ఉన్నది’ అన్నడు!”

“సాఫ్‌గనే ఉండె మరి” అన్నారు సారు, ముక్కు తుడుచుకుంటూ.

ఇక నా సంగతి. నాకప్పుడు ఇంగ్లీషు పిచ్చి. రీడింగ్ రూములో కొయ్య స్టాండు మీద పెద్ద నిఘంటువు ఒకటి ఉండేది. రోజుకు పది మాటలు నోటుబుక్కులో ఎక్కించుకునేవాణ్ణి. మాట ఎంత పొడుగుంటే అంత సంతోషం. వానలకు మా దఫ్తరు ప్రహరీగోడ కూలినప్పుడు రిపోర్టు రాయమని సారు నాకు చెప్పారు. నా పంట పండిందనుకున్నాను. కనీవినీ ఎరుగని ప్రళయమని, భయానక విధ్వంసమని, వర్ణనాతీతమైన విపత్తని, ఒకటిన్నర పేజీ ఇంగ్లీషులో రాసి తీసుకెళ్లాను. సారు చివరిదాకా చదివారు.

“ఎవరన్న సచ్చిన్రా?”

“లేదు సార్.”

“దెబ్బలు తాకినయా?”

“మేక ఒకటి ఉరికింది సార్. దానికేం కాలేదు.”

“మరి గింత ఏడ్పు ఎందుకయ్యా?” అని ఎర్ర సిరా తీశారు. ఆయన గీతలు గీస్తూ పోతుంటే నా కష్టార్జితమంతా ఒక్కొక్క మాటగా నేలకూలింది. ఆఖరికి రెండే వాక్యాలు మిగిలాయి. వానకు తూర్పు గోడ కూలింది. ఇరవై అడుగులు మళ్లీ కట్టాలి. “ఉన్న మాటలన్ని గోడకే పెడితె, రేపు మనిషి పోతె ఏం రాస్తవు?” అన్నారు. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగారు.

ఆ రోజుల్లోనే రీడింగ్ రూములో ఒక ఇంగ్లీషు పత్రిక తిరగేస్తుంటే ఒక కొత్త మాట తగిలింది. ఎవరో గాయని కచేరీ గురించి రాస్తూ, ఆమె ఆ పాటను ‘అండర్‌స్టేటెడ్లీ’ పాడిందని రాశాడు. నిఘంటువులో క్రియ దొరికింది గానీ ఈ రూపం దొరకలేదు. ఉన్నదానికంటే తగ్గించి చెప్పడమని క్రియకు అర్థం ఇచ్చారు. అది నాకు మింగుడుపడలేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే నిజం. పెంచి చెబితే గొప్పలు. తగ్గించి చెప్పడం దేనికి? దాన్ని ఒక మెచ్చుకోలుగా రాయడం దేనికి? పాట తగ్గించి పాడితే వినేవాడికి మిగిలేదేమిటి? మర్నాడు సారును అడిగాను.

“గాయని ఆ పాట చాలా అండర్‌స్టేటెడ్లీ పాడిందట సార్. ఏంది దాని అర్థం?”

“‘చాలా’ వాడు రాసిండా, నువ్వు పెట్టినవా?”

“నేనే సార్.”

“తీసెయ్ మరి” అని ఫైల్లోకి తల దించుకున్నారు. అంతే. అర్థం చెప్పలేదు. ఇవతలికి వచ్చాక హబీబ్ భాయ్ టైపు మిషను మీద చేతులు ఆపి, “డిక్షనరీ ఎందుకు మియా! గాడ కుర్చీల కూసున్నది చూస్తలేవా, నల్ల కోటు ఏసుకొని?” అన్నాడు.

నవ్వేసి ఊరుకున్నాను. ఆ మాట నాకు అసలు బోధపడింది నా ఉద్యోగం మీదికి వచ్చినప్పుడే.

పాత ఆంధ్ర రాజధాని కర్నూలు నుంచి దఫ్తర్లు వచ్చి ఇక్కడివాటితో కలిశాక మనుషులు ఎక్కువయ్యారు, కుర్చీలు తక్కువయ్యాయి. టెంపరరీ వాళ్లలో సగం మందిని తీసేస్తారని మాట పుట్టింది. కొత్తగా వచ్చిన ఆఫీసరు శేషాచలం గారు ఎవరుండాలో తేలుస్తారు. గుంటూరు వైపు మనిషి, మాట కరుకు. ఒక్కొక్క టెంపరరీ గుమాస్తా గురించి వాళ్ల సూపరింటెండెంటు అభిప్రాయం రాసి పంపాలి. అభిప్రాయం అన్నాను గానీ, మా దఫ్తరులో దానికో ఆనవాయితీ ఉండేది. ఎవరి పొగడ్త వాళ్లే రాసుకుని తీసుకెళ్తారు, పైన ఉన్నాయన సంతకం పెడతాడు. అందులో ఎవరికీ తప్పు కనిపించేది కాదు. పెండ్లి పత్రికలో బంధుమిత్రుల అభినందనలని మనమే అచ్చు వేయించుకోమా, అట్లా.

అప్పటికి మా నాయనకు చూపు పోయింది. సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణం మునీముగా లెక్కలు రాసి రాసి ఇంట్లో కూర్చున్నాడు. నా భార్య అనసూయకు ఏడో నెల. ఇంట్లో సంపాదించేవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ ఉద్యోగం పోతే మళ్లీ ఇంకొకటి, ఉర్దూ మెట్రిక్ వాడికి, ఆ రోజుల్లో దొరికే ఆశ లేదు. రెండు సాయంత్రాలు రీడింగ్ రూములో కూర్చుని, నోటుబుక్కులో దాచుకున్న మాటలన్నీ బయటకు తీసి, నా గురించి నేను ఒక పేజీ రాశాను. అసామాన్య ప్రతిభావంతుడు. అవిశ్రాంత శ్రామికుడు. దఫ్తరుకు అలంకారం. రాస్తుంటే నా మీద నాకే గౌరవం కలిగింది.

సారు ఆ కాగితం చదివి తిరిగి నా చేతికే ఇచ్చారు. “జర పెద్దగ ఉన్నది. నేను రాస్త” అన్నారు.

ఆయన రాసింది హబీబ్ భాయ్ టైపు చేశాడు. ఆ రోజు మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ ఏదో ఒక కూత కూసే మనిషి, నా బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

“చెప్పు భాయ్.”

“మూడే లైన్లు రాసిండు మియా. ‘ఇతడు పనికి కొంత ఉపయోగపడతాడు. తప్పు చేస్తే తానే వచ్చి చెబుతాడు. ఇతడు లేకపోతే సెక్షనుకు కొంచెం ఇబ్బంది.’ గంతే. ఇంకో కాగితం ఉందేమో అని తిరగేసి చూసిన. ఖాళీ.”

పక్క సెక్షనులో నాకంటే వెనక చేరినవాడు, మాటిమాటికీ సెలవు పెట్టేవాడు, వాడి కాగితంలో వాడొక దీపస్తంభం. నేను కొంత ఉపయోగపడేవాణ్ణి. కుర్చీ వెనక్కి తోసి లేచాను. సారు అప్పటికే స్టేషనుకు బయల్దేరారు. వెనకాలే పరిగెత్తాను. ప్లాట్‌ఫారం గడియారం కింద నిలబడి తన గడియారానికి కీ ఇస్తున్నారు.

“సార్, నా మీద మీకేమన్న కోపమున్నదా?”

“ఎందుకు?”

“కొంత ఉపయోగపడతడు అని రాసిన్రట.”

“రాసిన.”

“మిగిలిన సెక్షన్లల్ల ఒక్కొక్కనికి ఆకాశానికెత్తి రాసిన్రు సార్. వాళ్లుంటరు. నేను పోత.”

“ఏమో. చూడాలె.”

“చూసేదేముంది సార్! మా నాయనకు కండ్లు కనబడవు. ఇంట్ల ఆమెకు నెలలు నిండుతున్నయి. అన్ని మీకెరుకే. రెండు మంచి మాటలు రాస్తె మీదేం పోతుండె?”

ఆయన గడియారం చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. తర్వాత, “రాసినయి మంచి మాటలే” అన్నారు.

నాకు ఒళ్లు మండింది. “గవి మంచి మాటలా? మీకు మంచి మాటలు రావు సార్. దఫ్తరంత మిమ్ముల చూసి నవ్వుతది. జర సారు అంటరు మిమ్ముల వెనకాల. ఎరుకనా మీకు?”

పెట్టెలు మోసే పోర్టర్లు ఇద్దరు ఆగి చూశారు. సారు ముఖంలో ఏ మార్పూ లేదు.

“ఎరుకే” అన్నారు. “పేరు బాగనే ఉన్నది.”

నేను వెనక్కి చూడకుండా వచ్చేశాను. ఆ తర్వాత మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఉదయం దండం పెట్టలేదు. నా ఫైళ్లు మాత్రం ఎప్పటిలాగే ఎర్ర సిరా దిద్దులతో తిరిగి వచ్చేవి. ఒక్క దిద్దు ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ మూడు రోజులూ పొద్దున పదకొండు దాటాక ఆయన కుర్చీ ఖాళీగా ఉండేది. నేను గమనించాను గానీ ఎక్కడికి వెళ్తున్నారని ఎవరినీ అడగలేదు. అడిగేటంత పట్టింపు లేదని నాకు నేనే చూపించుకుంటున్నాను.

మూడో రోజు శేషాచలం గారు నన్ను పిలిపించారు. పైఅంతస్తుకు మెట్లెక్కాను. ఆయన గుమ్మం పక్కన చప్రాసీ మల్లయ్య కూర్చునే బల్ల ఒకటి ఉంటుంది. దాని మీద మల్లయ్య లేడు. గొడుగు ఒళ్లో పెట్టుకుని మా సారు కూర్చుని ఉన్నారు. సూపరింటెండెంటు స్థాయి మనిషి చప్రాసీ బల్ల మీద కూర్చోవడం ఆ దఫ్తరులో ఎవరూ చూసి ఉండరు. నన్ను చూసి జరిగి దారి ఇచ్చారు.

లోపల ఆఫీసరు గారి బల్ల మీద కాగితాల దొంతర.

“కూర్చోవయ్యా. ఇవన్నీ చదివాను. చదివితే తెలిసిందేమిటంటే, ఈ దఫ్తరు నిండా దేవతలే పనిచేస్తున్నారు. మరి ఫైళ్లు ఎందుకు కదలవో నాకు బోధపడట్లేదు.” ఒక్క కాగితం విడిగా తీశారు. “ఒక్క మనిషి దొరికాడు ఇందులో. నువ్వు. కొంత ఉపయోగపడతావట.”

నేను తల వంచుకున్నాను. అయిపోయిందనుకున్నాను.

“మొన్న వానలప్పుడు మీ సూపరింటెండెంటు నాకో నోటు పంపాడు. రికార్డు రూములో కొంత తేమ కనబడుతోంది, చూడగలరు అని. తేమేగదా అని నాలుగు రోజులు ఆగి, తీరిగ్గా బూట్లతో వెళ్లాను. మోకాలి లోతు నీళ్లయ్యా! ఫైళ్లు పడవల్లా తేలుతున్నాయి. బూట్లు చేత పట్టుకుని బయటికొచ్చాను. ఆ రోజు నుంచి ఆయన రాసిన కాగితమొస్తే నేను రెండుసార్లు చదువుతున్నాను.” కాగితం మీద వేలు పెట్టారు. “కొంత తేమంటే మోకాలి లోతు. మరి కొంత ఉపయోగమంటే ఎంతో నువ్వే లెక్కేసుకో. సెక్షనుకు కొంచెం ఇబ్బంది అన్నాడంటే, నిన్ను తీసేస్తే ఆ సెక్షనుకు తాళం వేసుకోవాలన్నమాట. వెళ్లి పని చూసుకో.”

లేచాను. దండం పెట్టి గుమ్మం వైపు నడిచాను.

“ఆగు. మీ సారు మూడు రోజుల నుంచి నా గుమ్మంలో కూర్చుంటున్నాడు. పనేమిటని అడిగితే, ఇక్కడ గాలి బాగుందండి అంటాడు. ఫ్యాను ఇక్కడుంటే గాలి అక్కడ బాగుండటమేమిటి? లేచి వెళ్లమను. మల్లయ్య పాపం నిలబడి చస్తున్నాడు.”

బయటికి వచ్చాను. సారు లేచి నిలబడ్డారు. నా ముఖం చూశారు.

“ఉంటున్న సార్” అన్నాను.

“మంచిది. బిల్లుల ఫైలు నాలుగింటికి పెట్టు” అని ముందు నడిచారు. మెట్ల మలుపులో ఆయన్ని ఆపి, “స్టేషన్‌ల తప్పు మాట్లాడిన సార్. మాఫ్ చెయ్యండి” అన్నాను.

“జర గట్టిగ మాట్లాడినవు” అన్నారు. “పోర్టర్లు పరేషానయిన్రు.”

ఆ సాయంత్రం రీడింగ్ రూముకు వెళ్లి పత్రికలో ఆ కచేరీ ముక్క మళ్లీ తీసి చదివాను. అంతకుముందు గాయని ఎంత తగ్గించి పాడిందనే చూశాను. ఆ పత్రికలో రాసినవాడు ఎలా విని ఉంటాడో ఆలోచించలేదు. తగ్గించి చెప్పేవాడు సగం మాట తన దగ్గర ఉంచుకుని, ఆ సగం ఎదుటివాడు పూర్తి చేసుకుంటాడని నమ్ముతాడు. వినేవాడు మూర్ఖుడైతే ఆ నమ్మకం వమ్మవుతుంది. రోజూ పక్కనే కూర్చుని పనిచేసిన నేను మూర్ఖుణ్ణయ్యాను. బూట్లు తడుపుకున్న ఆఫీసరు కాలేదు. నోటుబుక్కులో ఆ మాట ఎదురుగా అర్థం రాయడానికి ఖాళీ వదిలాను. నాలుగైదు రకాలుగా రాసి చూశాను. ఏదీ కుదరలేదు. మన తెలుగులో తక్కువ చేసి మాట్లాడాడంటే చిన్నచూపు చూశాడని అర్థం వస్తుంది, అదీ ఒక చిక్కు. ఆ ఖాళీ ఇప్పటికీ అలాగే ఉంది.

ఆయన రిటైరయ్యాక మేమిద్దరం ఆదివారాలు కలిసేవాళ్లం. ఆయన చర్చి నుంచి వచ్చేసరికి నేను అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర ఉండేవాణ్ణి. ఒకసారి వెనక అట్ట ఊడిన లావుపాటి నిఘంటువొకటి దొరికింది. అందులో నా మాట కనిపించింది! పదేళ్లుగా వెతుకుతున్నది. క్రియకు అర్థం అంతా రాసి, చిట్టచివర, చీమంత అక్షరాలతో, ‘అండర్‌స్టేటెడ్లీ’ అని ఆ మాట ఒక్కటే వేసి వదిలేశారు. విడిగా అర్థం ఇవ్వలేదు. నా ఉత్సాహం చల్లారిపోయింది. సారు కళ్లజోడు పైకి తోసుకుని, పేజీ ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు.

“అర్థం రాయలె” అన్నారు. “మంచి పని చేసిన్రు.”

నేను ఆ రోడ్డు మీద నవ్విన నవ్వుకు పుస్తకాలాయన కూడా నవ్వాడు. సారు నవ్వలేదు. మూతి మాత్రం ఒక పక్కకు కదిలింది. అది ఆయన పెద్ద నవ్వని నాకు అప్పటికి తెలుసు.

సంతాపసభ అయిన మూడో రోజు రూతమ్మ గారిని చూడటానికి వెళ్లాను. నాంపల్లి సందులో అదే పాత ఇల్లు. ఆయన కాగితాలు సర్దుతూ కూర్చున్నారు. ఏమేమో మాట్లాడుకున్నాక, బైబిలు లోపల నుంచి ఒక కాగితం తీసి నా చేతికిచ్చారు. నాలుగు మడతలు, మడతల దగ్గర చిరుగులు. ఇంగ్లీషులో ఉంది. ఆయన చేతిరాతే. శేషాచలం గారికి రాసిన ఉత్తరం.

నిండా ఒక పేజీ. విషయం నేను. తన సర్వీసులో ఇంత నిజాయితీ గల, ఇంత చురుకైన యువకుణ్ణి చూడలేదని ఉంది. అసాధారణమని ఉంది. అమూల్యమని ఉంది. ఇతణ్ణి పోగొట్టుకోవడం దఫ్తరుకు తీరని నష్టమని ఉంది. నా నోటుబుక్కులో కూడా లేని పొడుగాటి మాటలున్నాయి. కింద సంతకం. ఎక్కడా ఒక్క మాట కొట్టేసి లేదు.

“గా మూడు దినాలు అంగి జేబుల పెట్టుకొని పోయిండు బిడ్డా” అన్నారు రూతమ్మ గారు. “డిక్షనరి ముందట ఏసుకొని రాసిండు. రాసుకుంట రాసుకుంట చెమటలు. ‘ఆయనకు నా మూడు మాటలు అర్థం కాకుంటె ఇది ఇయ్యాలె, ఇయ్యకుంటె పిలగాడు ఆగమైతడు’ అన్నడు. మూడో దినం సాయంత్రం మల్ల ఇంటికి తెచ్చిండు. అక్కెర పడలేదు అన్నడు. చింపేస్తడు అనుకున్న. చింపలే.”

నేను ఆ కాగితం రెండోసారి చదివాను. ప్లాట్‌ఫారం మీద నేను అరుస్తున్నప్పుడు అది ఇంకా రాసి ఉండరు. ఆ అరుపులు విన్నాకే ఇంటికి వెళ్లి రాసి ఉంటారు. బల్ల మీద కూర్చున్న మూడు రోజులూ అది ఆయన గుండె మీద జేబులో ఉంది. తలుపు తీసుకుని నేను ఏడుపు ముఖంతో బయటికి వస్తే, ఆ మనిషి లోపలికి వెళ్లి, తన జన్మలో రాయనన్ని పెద్ద మాటలు ఆఫీసరు చేతిలో పెట్టి ఉండేవారు.

ఈ జ్ఞాపకాలు ఒక తీరుకు రావడానికి సాయపడ్డవాళ్లు ఉన్నారు. మూడు వాక్యాలనూ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంచుకుని చెప్పిన హబీబ్ భాయ్‌కి, ఆ రోజుల్లో తన బల్ల ఇచ్చి మూడు రోజులు నిలబడ్డ మల్లయ్యకు, ఎనిమిదింటికి గంట కొట్టి కూడా నేను పేజీ ముగించేదాకా దీపం ఆర్పకుండా ఆగిన రీడింగ్ రూము అటెండరు యాదగిరికి నా కృతజ్ఞతలు. ఇప్పుడెక్కడున్నారో తెలియని శేషాచలం గారికి, ఒక కాగితాన్ని రెండుసార్లు చదివినందుకు కృతజ్ఞతలు. ఈ రాతలో ఎక్కువైన చోట్లన్నీ గీత పెట్టి చూపించిన నా భార్య అనసూయకు కృతజ్ఞతలు.

అందరికంటే ఎక్కువగా రూతమ్మ గారికి. ఉత్తరం నా గురించే గదా, నా పిల్లలకు చూపించుకుంటాను, ఇవ్వమని అడిగాను. ఆమె చెయ్యి చాపి, నా చేతిలో నుంచి దాన్ని మెల్లగా తీసుకుని, అవే మడతల మీద మడిచారు.

“ఎప్పుడొచ్చినా చదువుకో బిడ్డా. గని ఇయ్య. ఇంత సంసారం చేస్తి, నాకే గిట్లాంటి ఉత్తరం ఒక్కటి రాయలే ఆయన.”